అమ్మన్న పలావులో రాతిపువ్వు

పలావులోంచి మైత్రి ఏదో తీసి వెలుతురుకు పట్టి చూస్తుంటే, వరసలో కూర్చున్నవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏటమ్మా, బొద్దింకేటి?" అన్నారు పక్కనున్న తిరుమలరావు గారు, తన విస్తరిని అనుమానంగా కెలుక్కుంటూ.

"కాదు అంకుల్. లైకెన్."

"అదేటి పురుగమ్మా?"

పురుగు కాదని ఒప్పించడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఒక బూజూ ఒక నాచూ కలిసి కాపురం పెడితే లైకెన్ అవుతుందనీ, చెట్ల బెరడు మీదా రాళ్ల మీదా పెరుగుతుందనీ, మసాలాలో వేసే రాతిపువ్వు కూడా అదేననీ, తను కాలేజీలో ఐదేళ్లుగా దాని మీదే పరిశోధన చేస్తున్నాననీ చెప్పుకొచ్చింది. "బూజు మీద ఐదేళ్లా!" అని జాలిపడి ఆయన మళ్లీ పలావు అందుకున్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం భోజనాల్లో అమ్మన్న పలావు ముందు ఏ సైన్సూ నిలబడదు.

మైత్రికి మాత్రం ముద్ద దిగలేదు. అది బజార్లో దొరికే రకంలా లేదు. వంటశాలలోకి పరిగెత్తి, అమ్మన్నను అడిగి, మసాలా డబ్బాలోంచి గుప్పెడు పచ్చి సరుకు పొట్లం కట్టించుకుంది.

మర్నాడు ల్యాబ్‌లో, రకం తేల్చడానికి దాని మీద బ్లీచింగ్ నీళ్ల చుక్క వేసింది. ఎర్రబడింది. పరిశోధన కోసం హిమాలయాల నుంచి వారం వారం పార్సిల్లో తెప్పించుకునే నమూనాల పక్కన పెట్టి, అందులోని రసాయనాలన్నీ విడదీసి చూసింది. రెండూ ఒక్క తల్లి పిల్లల్లా సరిపోయాయి.

"ఎనిమిది వేల అడుగుల ఎత్తున, చలిలో పెరిగే రకం ఇది! ఈ బొగ్గు పొగలో, ఈ ఎండల్లో ఎలా బతుకుతోంది?" గైడ్ జానకిరామ్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఇది పెరిగే చోటు చూపించు మైత్రీ, నీ థీసిస్ నెత్తిన పెట్టుకుంటాను. లేదంటే మార్చిలో నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోతుంది. అదీ గుర్తుంచుకో."

గుర్తుంచుకోకేం? ఆ మార్చి ఆమెకు కలలోకి కూడా వస్తోంది. ఐదేళ్లలో ఆమె కనిపెట్టిందల్లా ఏ లైకెన్ ఎక్కడ దొరకదో, అంతే.

ఆ సాయంత్రమే అమ్మన్న ఇంటికి వెళ్లింది. రైల్వే రన్నింగ్ రూములో డ్రైవర్లకు ముప్పయ్యేళ్లు వండిపెట్టి రిటైరైన మనిషి. ఇప్పుడు పెళ్లిళ్లకు వండుతున్నాడు.

"బాబాయ్, ఆ రాతిపువ్వు ఏ కొట్లో కొన్నావు?"

"కొట్లోనా?" అమ్మన్నకు రోషం వచ్చింది. "కొట్టు సరుకు నాను ముట్టనమ్మా. ఇది మన బిలాస్‌పూర్లోనే దొరుకుతాది. నా సేతుల్తో ఏరుకొస్తాను."

"ఎక్కడ?"

"అది సెప్పీసినాక నా పలావు ఎవుడు తింటాడు? రతన్‌పూర్ కాడ్నించి పెళ్లోరు ఎతుక్కుంటూ వస్తన్నారంటే దానికోసవే గదా!"

మైత్రి బతిమాలింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది. మూడు రోజులు వరసగా వచ్చి ఉల్లిపాయలు కోసిపెట్టింది. కారే కన్నీళ్లు ఉల్లిపాయలవో, మార్చివో ఆమెకే తెలియలేదు. నాలుగోరోజు ఆ వాచిన కళ్లు చూసి అమ్మన్న కరిగిపోయాడు.

"అచ్ఛా, శనివారం పొద్దున్నే రా. కాకపోతే కళ్లకి గంతలు కట్టీస్తాను. ఒప్పుకుంటే సరి, లేదంటే లేదు."

ఆమె ఒప్పుకుంది. ఈలోగా జానకిరామ్ గారు దీని మీద రాయబోయే వ్యాసానికి 'ఛత్తీస్‌గఢ్‌లో తొలిసారి' అని పేరు పెట్టేసి, కింద తన పేరే ముందు రాసేసుకున్నారు.

శనివారం అమ్మన్న భుజం మీది తువ్వాలు, తన గమ్ఛా, తీసి ఆమె కళ్లకు బిగించి కట్టాడు. దాన్నిండా అల్లంవెల్లుల్లి వాసన. స్కూటరు ఎన్ని మలుపులు తిరిగిందో లెక్కే లేదు. సిర్గిట్టి ఫ్యాక్టరీల పొగ ముక్కుకు తగిలేసరికి మైత్రి గుండె జారిపోయింది. ఈ గాలిలో లైకెన్ ఒక్కరోజు బతకదు. ఇంకాసేపటికి పొలాల చల్లగాలి తగిలితే, మోప్కా వైపు అనుకుని ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మలుపులు, మళ్లీ హారన్లు. చివరికి స్కూటరు ఆగింది.

"దా, నీ సేత్తోనే తీసుకో."

అమ్మన్న ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. వేళ్లకు గలగలమంటూ తగిలింది ఎండిన లైకెన్. ఒకటీ రెండూ కాదు, దోసిళ్లకొద్దీ. మైత్రికి సంతోషంతో ఏడుపొక్కటే తక్కువ. గట్టెక్కేసింది! డాక్టర్ మైత్రి!

"ఒక్కచోట ఇంతా! ఎన్నాళ్ల నుంచి ఏరుతున్నావు బాబాయ్?"

"ఐదేళ్లవుతాది. ఎంత తీసుకెళ్లినా తరగదమ్మా. మళ్లీ శనివారం ఒచ్చీసరికి ఇంతే ఉంటాది."

లైకెన్ ఏడాదంతా పెరిగినా గోరంత పెరగదు. వారానికి దోసిళ్లకొద్దీ పెరిగే లైకెన్‌ను లోకంలో ఎవరూ చూడలేదు! ఇక థీసిస్ ఏమిటి, దేశదేశాల శాస్త్రవేత్తలు బిలాస్‌పూర్ రైలెక్కుతారు.

"గంతలు విప్పు బాబాయ్! తొందరగా విప్పు!"

"విప్పుతాను గానీ, ఒట్టు గుర్తుందా?"

"ఉంది, ఉంది!"

గమ్ఛా విప్పగానే ఎదురుగా ఆమె ల్యాబ్ చెత్తకుండీ ఉంది.