గరిటె పట్టిన చెయ్యి

బఫేలో ఎవరు వడ్డిస్తే టిప్పు వాళ్లకే పోతుంది. పైకప్పుకి బిగించిన కెమెరా గరిటె పట్టిన చేతిని గుర్తుపడుతుంది. తినేవాళ్లే వడ్డించుకుంటారు కాబట్టి, లోపలికొచ్చేటప్పుడు కట్టిన టిప్పు బయటికెళ్లేలోగా మళ్లీ వాళ్ల ఖాతాలోకే చేరుతుంది. ఎవరికీ నష్టం లేదు.

అనకాపల్లి బైపాస్ మీది ఆ హోటల్లో మిగిలిన పనిమనిషి తలుపులమ్మ ఒక్కతే. ఎంగిలి ప్లేట్లు తీస్తుంది. ఆ పనికి జీతముంది గానీ టిప్పు లేదు. పొద్దుటినుంచి వంగి వంగి ఆమె నడుం పట్టేసింది.

మూల బల్ల దగ్గర ఒక ముసలామె ఖాళీ ప్లేటు ముందు కూర్చుని ఉంది.

"తినరేటమ్మా?"

"చేతులు వణుకుతున్నాయే తల్లీ. గరిటె నిలవట్లేదు."

తలుపులమ్మ నిట్టూర్చి, చేతులు కడుక్కొచ్చి, అన్నం పెట్టి పప్పేసింది. అక్కడితో ఆగాల్సింది. కానీ వడ్డించడమంటే వద్దన్నా వెయ్యడమేనని నేర్చుకుని పెరిగిన మనిషి.

"ఇంకొంచెం ఏయించుకోండి. ఈపాటి తింటే ఏటి సరిపోద్ది?"

తలుపులమ్మ చేతికి హోటలు వాళ్లు కట్టిన పట్టీ మోగింది. నలభై రూపాయల టిప్పు పడింది. ఎన్నాళ్లకి, అనుకునేలోపే పట్టీ మాట్లాడింది.

"అభినందనలు. మీరిప్పుడు వడ్డన సిబ్బందిలో చేరారు. వడ్డించేవారికి టిప్పే ఆదాయం. ఈ పూట నుంచి మీ జీతం ఆపేశాం."

తలుపులమ్మ హాలంతా చూసింది. అందరూ ఎవరికి వాళ్లే వడ్డించుకుంటున్నారు.

ముసలామె గ్లాసు ముందుకు జరిపింది. "కాస్త మజ్జిగ కూడా పోస్తావేటే అమ్మా?"

"పట్టండి," అంది తలుపులమ్మ. "నిండా పోస్తాను."