రాణిగారి సొంత మాటలు

"ఆ మాట స్క్రిప్టులో ఎక్కడుందమ్మా?" శ్రీధర్ చేతిలోని కాగితాలు ఊపుతూ అడిగాడు.

నాంచారమ్మ కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"యుద్ధం నుంచి వచ్చిన రాజును రాణి పద్యంతో పలకరించాలి. మీరేమో 'ప్రభూ, ఆ దగ్గు ఛాతీలో కూర్చున్నది, వైద్యునికి చూపించుకొనుడు' అంటారా? ఆయన తక్కువ తిన్నాడా! 'దేవీ, నీవును వేళకు భుజించుట లేదు' అంటాడు. జనం నవ్విపోతారు."

"నవ్వనీకె జనం ఏడున్నరు సారూ?" అంది చిన్నక్క, రాణి జడ విప్పుతూ. సమితిలో రంగులు పూసేదీ, బట్టలు కట్టేదీ ఆమే.

అదీ నిజమే. ఒకప్పుడు మిత్రకళా సమితి నాటకమంటే ములకలపల్లి, చండ్రుగొండ నుంచి ట్రాక్టర్లు కట్టుకొని వచ్చేవారు. ఇప్పుడు బొగ్గు బాయిలు మూతపడి, క్వార్టర్లు ఖాళీ అయి, ముందు వరుస కుర్చీలు నిండితే అదే పండగ. అయినా దసరా నుంచి ఉగాది దాకా నాలుగు నాటకాలు వేయాల్సిందే, అందులో రెండైనా పాటలూ పద్యాలతో వేయాల్సిందే. సత్తుపల్లి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన శ్రీధర్ కాలేజీలో ఏదో వేషం కట్టానని నోరు జారాడు. అంతే, సెక్రటరీ పదవి మెడకు చుట్టారు. మునిగే పడవకు సరంగును చేశారు పాపం.

అతనికి అంతు పట్టనిది ఈ రాజూ రాణీ వ్యవహారం. స్టేజీ మీద సారంగపాణి, నాంచారమ్మ చిలకాగోరింకలు. తెర పడిందా, ఉప్పూ నిప్పూ. రిహార్సల్‌కు ఒకరు వచ్చాక ఇంకొకరు వస్తారు. గ్రీన్‌రూములో ఆమె ఈ మూలన, ఆయన ఆ మూలన. "ఆ రాజు ఏషమాయనకు చెప్పు చిన్నక్కా, శృతి జర దించుమను" అంటుంది ఆమె. మనిషి మూడడుగుల దూరంలోనే ఉంటాడు.

ఈ గొడవెందుకని, వచ్చే నాటకంలో జంటను మార్చేస్తున్నానని చెప్పాడు శ్రీధర్.

మర్నాడు పొద్దున్నే సారంగపాణి దగ్గుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. బాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

"రాణిని మార్చకుండ్రి సారూ."

"ఆమె మీ మొహం కూడా చూడదు కదండీ?"

"చూడకుంటే చూడకపాయె. నాకు రాజు ఏషం వద్దంటే బంటు ఏషమన్న కడ్త. ఆమెతోని రెండు మాటలుంటే సాలు."

ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకున్నాడు శ్రీధర్. సాయంత్రం నాంచారమ్మ వచ్చింది.

"ఆయన్నే ఉంచుండ్రి సారూ."

"ఆయనంటే మీకు గిట్టదు కదమ్మా?"

"గిట్టదు," అంది వెంటనే. "మార్చకుండ్రి."

ఇక ఆగలేక చిన్నక్కను పట్టుకున్నాడు. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నాంచారమ్మ కొడుకు చందర్ బాయిల పోయిండు సారూ, పైకప్పు కూలి. పిలగాడు చదువుకుంటనన్నడు. ఇనకుండ బాయి పనిల పెట్టించింది ఈ సారంగపాణే. శవం ముంగట్నే ఒట్టేసింది ఆమె. 'సచ్చిన నా కొడుకు మీద ఒట్టు, బతికినన్ని దినాలు నీతోని మాట్లాడ' అన్నది."

"మరి స్టేజీ మీద మాట్లాడుతుంది కదా?"

"మొకానికి రంగేసినంక మాట్లాడేది రాణి గద సారూ. రాణికి ఒట్టు ఏడిది?"

శ్రీధర్‌కు సగమే అర్థమైంది. కొడుకును పొట్టన పెట్టుకున్నవాడి దగ్గును ఈమె పట్టించుకోవడం ఏమిటో! ఏమైనా, జంటను మార్చే ఆలోచన మానుకున్నాడు.

అంతలోనే కంపెనీ పెద్దల నుంచి కబురు వచ్చింది. హాలు పాతబడింది, ఉగాదికి ముందే కూల్చేస్తారు. ఈ సీజన్ ఆఖరి నాటకమే సమితికీ ఆఖరు. ఆ సంగతి చెప్పినప్పుడు నాంచారమ్మ స్టేజీ బయట మొదటిసారి సారంగపాణి వైపు తలెత్తి చూసింది. పెదవులు కదిలాయి. ముఖానికి ఇంకా రంగు వేసుకోలేదు. నోరు మూసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట మొదలైంది. గుప్పెడు జనం. చివరి రంగంలో రాజు అడవులకు వెళ్లాలి, రాణి పద్యం పాడి సాగనంపాలి. హార్మోనియం ముందున్న హీరాలాల్ శృతి ఇచ్చాడు. రాణి పద్యం ఎత్తుకోలేదు.

"ప్రభూ, ఈ తెర పడిన పిమ్మట మనము మాటలాడుకొనుట ఎట్లు?"

తెర పక్కన శ్రీధర్ ఈసారి కాగితాలు తిరగేయలేదు. ఏ మాటకైనా మాట అందించే సారంగపాణి "దేవీ..." అన్నాడు. అంతకుమించి రాలేదు. కంటి కాటుక చెంపల మీదికి జారింది. హీరాలాల్ మళ్లీ శృతి ఇచ్చాడు, మళ్లీ ఇచ్చాడు. ఎవరూ పాడలేదు. చివరికి చిన్నక్కే తెర లాగింది.

బయట చినుకులు మొదలైతే ఇద్దరినీ తన కారులోనే ఎక్కించుకున్నాడు. రంగు కడుక్కొని వచ్చారు. ఆమె వెనక, ఆయన ముందు. దారి పొడుగునా దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు.

"ఆమెను ఇంటి కాడ దించుండ్రి," అన్నాడు సారంగపాణి.

వాటర్ ట్యాంకు వెనక రేకుల ఇంటి ముందు నాంచారమ్మ దిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది. సారంగపాణి కూడా తలుపు తీసి కాలు కింద పెట్టాడు. శ్రీధర్ చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు పెద్దాయనా. ఇకనైనా ఆమె వెంట పడకండి. కొడుకును పోగొట్టుకున్న మనిషి."

సారంగపాణి మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"నా ఇల్లు గూడ ఇదే సారూ. పోయినోడు నాక్కూడ కొడుకే."