చామంతుల గంప

"ఈ పొద్దు ఎవరు చెయ్యెత్తినా ఆపేది లేదు. అర్థమయిందా?"

డ్రైవరు గదిలో తన వెనకే నిలబడి ఇన్‌స్పెక్టరు దేవేంద్ర అన్న మాటకు దొరస్వామి తల ఊపాడు. దారి మధ్యలో బండి ఆపుతున్నందుకు ఇప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుంది. కూతురు రోజా నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది.

తప్పంతా ఈ డీజిల్ బండిది. బొగ్గింజను ఉన్నన్నాళ్లూ బుద్ధిగా స్టేషనుకు నడిచి వచ్చి పడిగాపులు కాసిన జనమే, తొంభై ఎనిమిదిలో విడిగా ఇంజనంటూ లేని ఈ మూడు పెట్టెల బండి రాగానే మారిపోయారు. చూడ్డానికి బస్సులా ఉంది. బస్సులాగే తొందరగా ఆగుతుంది, తొందరగా కదులుతుంది. ఇంకేం, బస్సుకు ఎత్తినట్టే చేతులెత్తారు. దొరస్వామి ఆపాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

"వంక మలుపుకు ముందర చెంగమ్మ ఉంటాది సార్," అన్నాడు భయం భయంగా. "నెత్తిన చామంతుల గంప పెట్టుకోని, ఒక చేత్తో దాన్ని పట్టుకోని, ఇంకో చెయ్యెత్తుతాది. ఆ పూలు మదనపల్లెకు పోకుంటే ఆ యమ్మ ఇంట్లో పొయ్యి రాజదు."

"స్టేషనుకు నడిచి రానీ."

"రాత్రంతా వాన గదా సార్. యాడ నడుస్తాది? వంక ఒడ్డునే ఇల్లు. నిరుడు నీళ్లొస్తే ముందు మునిగింది ఆ యమ్మ ఇల్లే."

"నీకు ఆ యమ్మ పూలు ముఖ్యమా, నీ ఉద్యోగం ముఖ్యమా?"

అద్దం మీద తుంపర పడుతూనే ఉంది. అటూ ఇటూ చేలన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి.

దూరంగా పట్టాల పక్కన చెంగమ్మ కనబడింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. దొరస్వామి చెయ్యి బ్రేకు మీదికి పోయింది.

"దొరస్వామీ!"

చెయ్యి వెనక్కి వచ్చేసింది. పొడుగ్గా హారన్ కొట్టాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేక చూపు పట్టాల మీదికి తిప్పుకున్నాడు. ఆమె ఏదో అరిచింది. చక్రాల మోతలో మాట వినబడలేదు.

"తిడతాండాది సార్."

"తిట్టనీ. నాలుగు దినాలు తిడతారు, అయిదో దినం స్టేషనుకు వస్తారు. బండి టయానికి పోవల్ల గదప్పా!"

దొరస్వామికి మనసు నిలవలేదు. కిటికీలోంచి వెనక్కి చూశాడు. వానలో సరిగా ఆనలేదు గానీ, ఆమె ఇంకా బండి వెంట పరుగెత్తుతూనే ఉంది. జారి బురదలో పడింది, లేచింది, మళ్లీ పరుగు.

"గంపెడు పూలు వాడిపోతాయి సార్. ఆ పాపం నాదే," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపు అమ్ముకుంటాదిలే. ముందు చూసి నడుపు."

ముందు మలుపు వచ్చేసింది. దాని అవతలే వంక, వంక మీద పాత వంతెన. దొరస్వామి కళ్లు తుడుచుకుని చివరిసారి వెనక్కి చూశాడు.

చెంగమ్మ నెత్తిన గంప లేదు. ఇందాక రెండు చేతులూ ఎత్తి ఊపినప్పుడూ లేదు.