మందారం కూడా ముట్టలేదు

మూడో రోజు కూడా తాబేలుపిల్ల ఏమీ తినలేదు.

శైలజ వంగి పళ్లెంలోకి చూసింది. రెండు తోటకూర ఆకులు, రెండు మందారం ఆకులు, ఒక మునగ రెబ్బ. పొద్దున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాడిపోయాయి కూడా.

"అమ్మా, తిన్నాదా?" ఐదేళ్ల దీపిక బడి సంచీ దించకుండానే అడిగింది.

"తింతాదిలే. కొత్త కదా."

"అది తిన్నాకే నేనూ తింతాను."

శైలజ వాడిన ఆకులు తీసేసి కొత్తవి పెట్టింది. ఇంట్లో ఎవరు ముద్ద వదిలేసినా ఆమె కుదురుగా కూర్చోలేదు.

భర్త హరిబాబు నెల్లిమర్ల చుట్టుపక్కల దుకాణాలకి బిస్కెట్లు, సబ్బులు వేస్తాడు. మొన్న చీకటితోనే బయలుదేరి, పూసపాటిరేగ అవతల తీరం దగ్గరి ఒక ఊళ్లో సరుకు దించి వస్తుంటే ఈ తాబేలుపిల్ల వీధిలైటు కింద గుండ్రంగా తిరుగుతూ కనిపించిందట. ఏ లారీ కిందో పడుతుందని అట్టపెట్టెలో వేసుకొచ్చాడు. అరచేతిలో ఇమిడేంత. పాత చింతపండు ముద్దలా నల్లగా ఉంది.

శైలజ చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. అయినా ఫోన్‌కి నోటితో చెప్పి వెతకడం వచ్చు. "తాబేలు పిల్లకి ఏం పెట్టాలి" అంటే బోలెడు వీడియోలు వచ్చాయి. పాలకూర వద్దన్నాడు ఒకాయన. టమాటా అసలే వద్దన్నాడు. తోటకూర కొంచెం, మందారం ఆకు రోజూ, క్యాబేజీ ఎప్పుడైనా. ఆపి ఆపి వింటూ అన్నీ దీపిక పాత నోటుబుక్కు వెనక రాసుకుంది.

కూరల జగ్గమ్మ బండి దగ్గర కట్టలన్నీ తిరగేసింది.

"ఏటమ్మా, నాలుగాకుల కోసం నా బండంతా కెలికేస్తన్నావు?"

"లేతవి కావాలి. తాబేలుపిల్లకి."

"తాబేలా? మా మామ్మ పెరట్లో ఉండీది. బీరతొక్కు ఏసినా కరకరా నమిలీసీది. ఆకులే దాని తిండి. మీ సావుకార్లింటికి సరైన సుట్టమే వచ్చినాది. అదీ మీలాగే నీసు ముట్టదు."

శైలజకి నవ్వు రాలేదు.

డిప్ప గట్టిపడాలంటే గుడ్డు పెంకు పొడి చల్లాలని ఇంకో వీడియోలో చెప్పారు. ఆ ఇంట్లోకి గుడ్డు రాదు. పక్కింట్లో అడిగి, కాగితంలో మడిచి, కొంగు చాటున తెచ్చింది. పెరట్లో ఒక రాయి మీద నూరింది. హరిబాబు చూడనే చూశాడు.

"ఏటే అది?"

"సున్నం."

"సున్నానికి కొంగు సాటెందుకు?"

ఆమె పొడి కాగితంలోకి ఎత్తుకుని లోపలికి పోయింది. కాసేపయ్యాక అతను ఆ రాయిని తనే కడిగి పక్కన పెట్టాడు.

నాలుగో రోజు బేసిన్‌లో నీళ్లు పోసి స్నానం చేయించింది. వదిలిన మరుక్షణం అది నాలుగు కాళ్లూ ఆడించి అటు చివరికి పోయి అంచుకి గుద్దుకుంది. మునిగిపోతోందని హడలిపోయి తీసేసింది. పసిది, జలుబు చేస్తే? తువ్వాలుతో ఒత్తి మళ్లీ ఆకుల ముందు కూర్చోబెట్టింది.

ఒక్కటే ఆశ. సాయంత్రం వంటింట్లో లైటు వెయ్యగానే అది కదిలేది. ఆకుల మీదుగా పాకుతూ, పొర్లుతూ, వంటింటి గడపదాకా వచ్చేది. ఎక్కలేక గడపకి తల కొట్టుకునేది.

"సూడండి, ఆకలే. వంటింటికే వస్తన్నాది," అంది శైలజ.

"మరి పెట్టు," అన్నాడు హరిబాబు.

"ఏటి పెట్టను?" ఆమె వాడిన ఆకుల పళ్లెం అతని ముందుకు జరిపింది. "ఏది పెడితే తింతాదో ఒక్కరూ తెలిసి సెప్పరు."

ఆ పూట బీరతొక్కు, సొరకాయ ముక్క, మందారం పువ్వు. దీపిక ఒక రేకు తుంచి తను తిని చూపించింది. అది చూడలేదు. దాని చూపంతా లైటు మీదే.

ఐదో రోజు పొద్దుటికి కదలిక తగ్గింది. దీపిక బడికి వెళ్లనంది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూలబడింది.

వీధి చివర "సేపలో" అని కేక వినిపించింది. లక్ష్మణమ్మ. రోజు విడిచి రోజు ఈ వీధిలో తిరుగుతుంది కానీ ఈ గేటు ముందు ఎప్పుడూ ఆగదు. ఆగమని శైలజ ఎప్పుడూ అనలేదు. బుట్టలోంచి నీసు నీళ్లు వాకిట్లో పడతాయని ఆమే అడుగు పెంచి దాటిపోతుంది.

ఇవాళ అట్టపెట్టెలోకి చూసి ఆగింది. బుట్ట అవతల గోడవారన దింపింది.

"ఏటి పాపా అది? ఇలా తే."

శైలజ పరుగెత్తుకొచ్చింది. చేపల బుట్టని చూసి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత గేటు బార్లా తీసింది.

"లోపలికి రా లక్ష్మణమ్మా. ఐదు రోజులైనాది, ఏటీ తినట్లేదు. తోటకూర పెట్టాను, మందారం పెట్టాను, పెంకు పొడి సల్లాను. సాయంత్రం లైటెయ్యడం ఆలస్యం, వంటింటికొచ్చి గడపకి తల కొట్టుకుంతన్నాది. ఏటి పెట్టాలో నువ్వైనా సెప్పు."

లక్ష్మణమ్మ చేతులు చీరకి తుడుచుకుని దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చిటికెన వేలితో ముందుకాలు ఒకటి విప్పి చూసింది. వేళ్లు లేవు. తెడ్డులా చదునుగా ఉంది.

"ఇంకా పేణం ఉన్నాది," అంటూ దాన్ని అరచేతిలోనే పట్టుకుని, తన బుట్ట వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది.

"సంద్రం తాబేలుపిల్లమ్మా ఇది, రోజూ అది ఎతుకుతన్నది నీ వంటిల్లు కాదు, నీళ్ల మీద ఎన్నెల."