నీడలో ఆరాల్సిన విత్తనాలు

"ఏం కలుపుతున్నావే అంత ముద్దుగా?" గోడ మీంచి తొంగిచూస్తూ అడిగింది పెద్దకోడలు.

పాక నీడలో పట్టా పరిచి, చిన్నకోడలు శనగ విత్తనాలకి గంజిలో కలిపిన పొడి పట్టిస్తోంది. "బ్యాక్టీరియా అక్కా. మంచి రకం. వేళ్ళకి అతుక్కుని తెగులు రాకుండా కాపలా కాస్తుంది."

"చోద్యం కాకపోతే, క్రిములు పోవాలని జనం మందులు కొడుతుంటే నువ్వు కొనుక్కొచ్చి మరీ పూస్తున్నావా?"

"నేనూ మొదట అలాగే నవ్వాను. బతికున్న సరుకక్కా ఇది, ఎండ తగిలితే చచ్చిపోతుంది. సాయంత్రందాకా నీడలోనే ఆరాలి. కొట్లో ఇదే ఆఖరి పొట్లం. అసలు ఇవి..." ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వుకి పెద్దకోడలి ఒళ్ళు భగ్గుమంది. ఒకే నేల, మధ్యలో ఒక్క గట్టు. రెండేళ్ళుగా తమ శనగ ఎండు తెగులుతో నిలువునా మాడిపోతోంది, గట్టవతల దీని చేను కళకళలాడుతోంది. మూడోసారీ పోతే చేను కౌలుకిచ్చి కూలికి పోవడమే. ఎవరి చేలోకి? దీని చేలోకే! అత్తగారు అప్పుడే మొదలుపెట్టింది, చిన్నదాన్ని చూసి నేర్చుకోమని. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు దీనికి కొడవలి పట్టడం నేర్పిందెవరట? కుళ్ళు అంటే కుళ్ళే, ఎవరికి లేదు గనక?

చిన్నకోడలు చేను చూసొస్తానని వెళ్ళింది. ఇంకేముంది, పెద్దకోడలు గోడ దాటి, పట్టా కొసలు పట్టుకుని బరబరా ఎండలోకి లాగింది. మిట్టమధ్యాహ్నం. మధ్యలో రెండుసార్లు వచ్చి గింజల్ని అటూ ఇటూ తిరగేసింది కూడా. రెండు గంటలయ్యాక పట్టాని మళ్ళీ నీడలోకి చేర్చింది. ఒక్క గింజ కింద పడలేదు, పనిమంతురాలు మరి.

సాయంత్రం మొగుడు ఖాళీ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు.

"ఒక మాట. కోప్పడనంటే చెబుతాను."

"చెప్పండి. ఇవాళ నాకు కోపం రాదులెండి."

"ఈ తెగులు బాధ పడలేక మరదల్ని బతిమాలుకున్నాను. తెలిస్తే నువ్వు సాగనివ్వవని, నీకు చెప్పొద్దన్నది నేనే. ఆ విత్తనాలు తేవడానికే వెళ్తున్నా. పొద్దున్నే విత్తేద్దాం."

"ఏ విత్తనాలు?"

"పాకలో ఆరుతున్నవి మనవే."