టైల్స్ పగలకుండా

తజికిస్తాన్‌లోని ఖుజంద్‌లో ఆ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డ మరిది దావ్రోన్‌ను చూడగానే మెహ్రినిసో ముఖం విప్పారింది.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకు తీరిక దొరికిందా! పగిలిన సింకు మార్చడానికి చేతులూపుకుంటూ వచ్చావేంటి? కొని ఉంచిన కొత్త సింకూ, మీ అన్న పనిముట్లూ మెట్ల కింద ఉన్నాయి, తెచ్చుకో. ఇదుగో, గోడ టైల్స్ మాత్రం పగలకూడదు. పోయిన చలికాలం మాస్కో నుంచి వచ్చినప్పుడు అన్నీ తన చేత్తోనే అతికించాడు."

దావ్రోన్ ఏదో అనబోయి, వాటిని తీసుకుని స్నానాల గదిలోకి నడిచాడు.

సింకుకూ గోడకూ మధ్య గట్టిపడ్డ జిగురును సన్నటి బ్లేడుతో మెల్లగా కోశాడు. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి, అవి నానేదాకా కూర్చున్నాడు. కొత్త సింకును పాత రంధ్రాలకే బిగించి, దానికి కొత్త కుళాయి అమర్చాడు.

"నత్తవయ్యా నువ్వు! మీ అన్నైతే ఈపాటికి పలావు తిని ఓ కునుకు కూడా తీసేవాడు," అని ఆమె నవ్వింది.

ఒక్క టైలుకూ బీట పడలేదు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, చివరికి అన్నాడు.

"అన్నయ్య రేపొస్తున్నాడు వదినా. విమానంలో."

"నిజంగా? వచ్చీ రాగానే ఆ మాట చెప్పొద్దూ!"

"చెప్దామనే వచ్చాను. నోరు రాలేదు." అతను తలెత్తలేదు. "కడుతున్న మేడ మీంచి పడిపోయాడు వదినా. పెట్టెలో తెస్తున్నారు."

మెహ్రినిసో గోడ పట్టుకుంది. పక్కగదిలో అత్తగారు నమాజు చేసుకుంటోంది. ఆవిడకు వినపడకూడదని కొత్త కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.