అంపైర్ వచ్చేలోపు

"ఏ దారిన వస్తాయి మీ ట్యాంకులు?"

కెప్టెన్ నవోమి సూటిగా, తెలుగులోనే అడిగింది. ఎదుటి కుర్చీలో ఉన్న లెఫ్టినెంట్ ఆరుష్ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"నన్నా అడుగుతున్నారు? సీరియస్‌గా?"

"ఇక్కడ తెలుగు వచ్చినవాడివి నువ్వొక్కడివే మరి."

గుడారం ద్వారం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ సైనికుడు వాళ్ళవైపు ఓసారి చూసి తల తిప్పుకున్నాడు. అతనికి ముక్క అర్థం కాలేదు.

కాలిఫోర్నియా ఎడారిలో అమెరికా సైన్యం తనలో తాను చేసుకునే ఉత్తుత్తి యుద్ధం అది. తూటాలు లేవు, లేజర్ కిరణాలే. ఎవరు చచ్చారో ఎవరు బతికారో తేల్చేది అంపైర్లు. ఖైదీ ఎవరైనా దొరికితే అంపైరే వచ్చి తీసుకెళ్ళి, సొంత దళానికి తిరిగి అప్పగిస్తాడు. అందాకా పట్టుకున్నవాళ్ళ దగ్గరే ఉండాలి.

యుద్ధం ఉత్తుత్తిదే. పంతాలు మాత్రం నిజమైనవి.

నవోమి, ఆరుష్‌లవి ఎదురెదురు పక్షాలు. ఇద్దరిదీ అశ్వికదళమే. గుర్రాలు ఎప్పుడో పోయాయి. పేరు పోలేదు, పనీ పోలేదు. మిగతా సైన్యం కంటే ముందు వెళ్ళాలి. శత్రువు ఎక్కడున్నాడో, ఎటునుంచి వస్తున్నాడో చూసి వెనక్కి చెప్పాలి. స్కౌట్ అంటే ఆ పని చేసేవాడే. ఆ కళ్ళు తప్పు చూస్తే వెనకున్న వేలమంది గోతిలో పడతారు.

కిందటిసారి నవోమి కళ్ళు తప్పు చూశాయి. ఖాళీ అని ఆమె చెప్పిన దారినే ట్యాంకులు వచ్చి మీద పడ్డాయి.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ ట్రూప్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తా," అన్నాడు కర్నల్, అందరి ముందూ. ట్రూప్ అంటే ఆమె మాట మీద నడిచే వందమంది. ఏళ్ళ తరబడి నానా తిప్పలూ పడి సంపాదించుకున్న అధికారం.

రేపు ట్యాంకులు రావడానికి రెండే దారులున్నాయి. ఉత్తరాన కొండల నడుమ కనుమ. దక్షిణాన ఎండిపోయిన వాగు. ఏ దారో తెలియాలి. అంపైర్ వచ్చేలోపు తెలియాలి.

ఆరుష్ వాచీ చూసుకున్నాడు. లేచి వెళ్ళిపోవాలని ఎంత ఉన్నా, అంపైర్ వచ్చేదాకా ఆ కుర్చీ వదిలే వీలు అతనికి లేదు.

"ఎక్కడ పెరిగావు?" నవోమి మళ్ళీ మొదలుపెట్టింది.

"పార్సిప్పనీ."

"అమ్మావాళ్ళది?"

"వరంగల్. అయినా మీకెందుకు?"

"పెద్దవాళ్ళు అడిగితే ఇలా పొగరుగా జవాబు చెప్పమని మీ అమ్మే నేర్పిందా?"

అతని దవడ బిగుసుకుంది. "మా మమ్మీని మధ్యలోకి తేకండి అక్కా."

అక్కా అన్నాడు. తనకు తెలియకుండానే అనేశాడు. నవోమి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. తన ఊరు కమ్మింగ్‌లోని తెలుగు చర్చిలో సండే స్కూల్ పిల్లల్ని కాచిన మనిషి ఆమె. అమెరికాలో పెరిగిన ఈ తెలుగు పిల్లల సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇంగ్లీషులో ఎంత అడిగినా ఉలకరు, పలకరు. ఇంట్లో పెద్దల్లా తెలుగులో గదమాయిస్తే జవాబు చెప్పకుండా ఉండలేరు.

"నీకేం తెలుసులే. నిన్ను అడగడం నాదే బుద్ధితక్కువ."

"నాకు అన్నీ తెలుసు."

"పొద్దున నీ బండి పేలిపోతుందని తెలిసిందా? అంపైర్ దయవల్ల నువ్వు బతికావు. ఎదురుగా దిబ్బ వెనక మావాళ్ళు నక్కి ఉంటే కనపళ్ళేదు. నువ్వూ ఒక స్కౌట్‌వే!"

"అది డ్రైవర్ మిస్టేక్!"

"ఆఁ... ఎప్పుడూ డ్రైవరే."

ఆరుష్ ముఖం జేవురించింది. "చాలు, ఆపండి. మీకు రెస్పెక్ట్ ఇస్తున్నా కాబట్టి ఊరుకుంటున్నా."

"ఆ రెస్పెక్ట్ ఏదో మీ కర్నల్‌కి ఇచ్చుకో. రేపు ఆయనకే అవసరం పడుతుంది. మీరు వాగులోంచి వచ్చారనుకో, డెబ్భై టన్నుల ట్యాంకులు ఇసుకలో కూరుకుపోతాయి. మేం గట్టు మీద కూర్చుని నవ్వుకుంటాం. ఒక్కడైనా ఆ వాగులో దిగి చూశాడా? డ్రోన్ ఫోటో చూసేసి సరే అనుంటారు. సోమరిపోతులు!"

ఆరుష్ కుర్చీలోంచి సగం లేచాడు.

"డ్రోన్ కాదు! నేనే దిగి నడిచా. ఈ ఎండ్ నుంచి ఆ ఎండ్‌కి. రాడ్ గుచ్చి గుచ్చి చూశా. ఇసుక కింద అంతా రాయే. ట్యాంక్ కాదు, ట్రెయిన్ వెళ్ళినా ఏం కాదు!"

"అబ్బో. కనుమ కూడా అలాగే గుచ్చి చూశావా?"

"అటు వెళ్ళనే లేదు. వాగుకే టైమ్ సరిపోయింది."

నవోమికి కావలసింది దొరికింది. రానక్కర్లేని దారిలో రాడ్ గుచ్చుకుంటూ ఎవడూ నడవడు. వాగే. సందేహం లేదు. ఇక ఈ మాట కర్నల్ చెవిన పడడమే మిగిలింది.

నవ్వు బయటికి కనిపించకుండా తల దించుకుంది.

"సరేలే నాయనా, నువ్వే గొప్ప."

"అదీ!" అని ఆరుష్ వెనక్కి వాలాడు, వాదనలో నెగ్గినవాడిలా.

బయట జీపు ఆగిన చప్పుడైంది. అంపైర్ దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చి, టైమైంది, ఖైదీని తీసుకెళ్తున్నానని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆరుష్ విసుగ్గా లేచి, జేబులోంచి చాకు తీసి, నవోమి మణికట్లకు బిగించి ఉన్న ప్లాస్టిక్ కట్టు కోశాడు.